గోదావరి లంకల్లో అతిథి వెతికే ‘అసలు’ ఏది?

ప్రశ్న: పిల్లకాలువ

మా పిన్ని కొడుకు రాజోలు దగ్గర తమ పాత మండువా లోగిలిలో రెండు గదులు బాగుచేయించి, పట్నాల నుంచి వచ్చేవారికి బస ఇస్తున్నాడు. అరిటాకు భోజనం, కాలువగట్టు మీద నడక, కొబ్బరితోటలో కాసేపు కాలక్షేపం, దిండి దాకా వెళ్లి హౌస్‌బోటులో షికారు: ఏర్పాటు ఇంతే. ఎక్కువమంది సంతోషంగానే వెళ్తున్నారు గాని, కొందరి మాటలు వాడికి అంతుపట్టడం లేదు. ఒకరు వంటింట్లోకి తొంగిచూసి, గ్యాస్ పొయ్యి కనబడగానే ముఖం చిన్నబుచ్చుకున్నారట. మరొకరు, హౌస్‌బోటు కేరళది కదా, ఇందులో గోదావరిది ఏముందని అడిగారట. (పిన్ని నోట ‘ఆయ్’ వినబడలేదని నిరాశపడినవారు కూడా ఉన్నారు, ఆవిడ పుట్టిల్లు విజయనగరం.) పిన్ని ముప్పై ఏళ్లుగా గ్యాస్ మీదే వండుతున్నారు. ఇప్పుడు వాడు అతిథుల కోసం వంటింట్లో మట్టిపొయ్యి వేయిద్దామా అని ఆలోచిస్తున్నాడు. ఇది అసలైనదని, ఇది మన కోసం కట్టిన వేషమని యాత్రికులు దేన్ని బట్టి తేల్చుకుంటారు?

జవాబు: మడఅడవి

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డీన్ మెకానెల్ 1973లో ఈ విషయం మీదే ఒక వ్యాసం రాశారు. మన ఇళ్ల లెక్కలో చెప్పాలంటే, ముంగిలి తన కోసం అలంకరించినదని యాత్రికుడికి తెలుసు కనుక అతని నమ్మకమంతా పెరటి మీద ఉంటుంది; ఆ సంగతి గ్రహించిన ఆతిథేయి కొన్నాళ్లకు పెరటిని కూడా చూపడానికి వీలుగా సర్దిపెడతాడు. మీ అతిథి వంటింట్లోకి తొంగిచూసింది ఆ నమ్మకంతోనే. వంట జరగని పొయ్యి అక్కడ పెడితే, దానికి మసి లేదన్న సంగతి ఒక్కరోజులో బయటపడుతుంది.

1999లో నింగ్ వాంగ్ అనే పరిశోధకుడు మరో దారి చూపారు. వస్తువు పాతదా కొత్తదా అన్నదానితో నిమిత్తం లేకుండా, యాత్రికుడు రోజువారీ బరువులు దించుకుని తాను తానుగా ఉన్నాననుకున్న సమయం అతని మటుకు నిజమైన అనుభవమేనని ఆయన వాదన. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన, కాకినాడ దగ్గరి కోరింగ మడఅడవికి వెళ్లినప్పుడు ఇది నాకు బోధపడింది. అక్కడి చెక్కవంతెన సందర్శకుల కోసం కట్టినదేనని అందరికీ తెలుసు. మొదటిసారి పోటు సమయంలో వెళ్లిన నా మిత్రులు, ఇది పార్కులా ఉందని పెదవి విరిచారు. రెండోసారి ఆటు సమయంలో వెళ్లాము. నీరు తీసిన బురదలోంచి మడచెట్ల శ్వాసవేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉండగా, వాటి మధ్య తిరిగే పీతలను, బురదలో గెంతే చిన్న చేపలను అదే వంతెన మీద వంగి గంటసేపు చూశారు.

జవాబు: ఆత్రేయపురం అల్లుడు

పై మాటతో సగమే ఏకీభవిస్తాను. అమ్మకానికి చేసినదల్లా వేషమేనన్న అనుమానం పట్నవాసులది. మా అత్తవారి ఊళ్లో పూతరేకులు అమ్మకానికే చేస్తారు; 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే రేకు లేస్తుంది. చూడడానికి ఎవరు వచ్చి నిలబడ్డా ఆ చెయ్యి ఆగదు, ఎందుకంటే ఆగితే రేకు మాడుతుంది.

అసలు, నకిలీ తేడా నిజంగా పట్టించుకోవలసిన చోటు పులస. సముద్రంలోని ఇలస వరదల కాలంలో గోదావరిలోకి ఎదురీది వచ్చాకనే పులస అవుతుంది. పుస్తెలమ్మైనా తినాలన్న సామెత విని వచ్చిన యాత్రికుడికి, సముద్రపు ఇలసనే పులస అని అంటగట్టేవారు ఉన్నారు. అది మోసం; గ్యాస్ పొయ్యి మోసం కాదు.

పిల్లకాలువ

పులస మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. సంక్రాంతికి వచ్చిన ఒక కుటుంబం పులస పులుసు అడిగితే, ఇది కాలం కాదని మావాడు కొరమీను వండించాడు. ఊరివాళ్లు తినేది తమకు పెట్టలేదని వారు వెళ్లాక రాశారు.

జవాబు: లాకుల దగ్గర

ఆ హౌస్‌బోటు అతిథి సరిగ్గానే పోల్చుకున్నారు. కాని అదే మనిషి కాలువను, కొబ్బరితోటను చెయ్యి పడని ప్రకృతి అనుకుని ఫొటో తీసుకుని ఉంటారు. కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువలు సాగాక రూపుదిద్దుకున్న పచ్చదనం ఇది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తే, మే నెలలో వచ్చినవారు ఎండిన అడుగు చూసి కోనసీమ పాడైపోయిందంటారు. ఏ నెలలో ఏముంటుందో బస ఖాయం చేసేటప్పుడే రాసి ఇవ్వమనండి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి (వెదురుతో కట్టి అలంకరించిన ప్రభలను ఊరేగించే జాతరకు) వచ్చేవారికి కుర్చీలు ఉండవనీ చెప్పమనండి. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆ తీర్థాన్ని శకటంగా చూసినవారు, ఇక్కడ ప్రభలను వరిచేల మీదుగా, కౌశిక ఏటి నీటిలోంచి భుజాల మీద మోసుకొస్తారని ఊహించి ఉండరు.

ఒక సందేహం: మీ పిన్నిగారింట్లో కట్టెలపొయ్యి అసలే లేదా?

పిల్లకాలువ

వాడికి ఫోన్ చేసి అడిగాను. ఉందట. పెరట్లో నూతి పక్కన, స్నానాలకు నీళ్లు కాచే పొయ్యి. ఎండు కొబ్బరిమట్టలతో రోజూ వెలిగిస్తారు. అతిథులకు కనబడితే బాగుండదని, బస మొదలుపెట్టిన రోజే దానికి తడిక అడ్డం కట్టారట.