మంగమారిపేట తోరణం ఫోటో: ఎక్కడ కోయాలి?

ఎండాడ_కుర్రాడు:
విశాఖ దగ్గర తొట్లకొండ ఎదురుగా మంగమారిపేట బీచ్‌లో ఉన్న రాతి తోరణం ఇది. డిసెంబరులో, సూర్యుడు వచ్చిన కాసేపటికి, ఇసుక గట్టు మీద నిలబడి తీశాను. 24 మెగాపిక్సెల్ కెమెరా, 18 ఎంఎం లెన్స్, అపర్చర్ ఎఫ్/11. తోరణం ఎడమవైపు ఉంది. మధ్యలో తడి ఇసుక, దాని మీద ఆకాశం రంగు. కుడి అంచున ఫైబర్ పడవ ముక్కు సగం వచ్చింది. పైన ఒక్క మబ్బు లేదు.

అక్క కొత్తింటి హాల్లోకి 12x18 అంగుళాల ప్రింట్ అడిగింది. బావగారేమో "పైనంతా ఖాళీ, కోసెయ్" అంటున్నారు. 16:9కి (టీవీ తెర ఆకారానికి) కోస్తే తోరణం నెత్తి పై అంచుకు తగిలేలా ఉంది. చదరంగా కోస్తే పడవ పోయి తోరణం బాగా కనిపిస్తోంది గానీ, సముద్రం చెరువులా అయిపోయింది. ఏది ఉంచమంటారు?

ఉప్పుగాలి:
తమ్ముడూ, కోత సంగతి తర్వాత. ముందు తోరణం కన్నంలోకి చూడు. సముద్రం, ఆకాశం కలిసే గీత (హొరైజన్) సరిగ్గా కన్నం పైఅంచు దగ్గర పోతోంది. అందుకే లోపల నీళ్లే తప్ప వెలుతురు లేదు, రాయి అంచు నీళ్లలో కలిసిపోయింది. ఇది ఏ క్రాప్‌కీ లొంగదు. క్రాప్‌తో అంచులు మారతాయి, రాయి వెనక ఏముందో మారదు.

తీరంలో ఆ గీత ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే కనిపిస్తుంది. గట్టు ఎక్కితే అదీ ఎక్కుతుంది. కిందికి దిగి మోకాళ్ల మీద కూర్చుంటే తోరణం కాళ్ల దగ్గరికి దిగుతుంది, కన్నంలో ఆకాశం నిండుతుంది. ప్యాంటు తడుస్తుందనుకో. తడి ఇసుక కూడా సన్నటి పట్టీ అయిపోతుంది. ఆ నష్టం మాత్రం నిజమే, రెండూ కావాలంటే కుదరదు.

ఇక ఉన్న ఫోటో. హొరైజన్ ఒక డిగ్రీ వాలింది. సరిచేస్తే 6000x4000 పిక్సెళ్లలో దాదాపు 5850x3900 మిగులుతుంది. 12x18కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 5400x3600 చాలు. అంటే అడ్డంగా 450, నిలువుగా 300 పిక్సెళ్లు నీ ఇష్టం. అడ్డం కోతంతా కుడివైపు పెట్టు, పడవ ముక్కు పోతుంది. నిలువుది పైనుంచి తియ్, బావగారికీ తృప్తి. అంతకు మించి ఆకాశం ముట్టుకోకు. నారింజ నీలంలోకి మారే చోటు గోడ మీద బాగుంటుంది. 16:9 ఫైల్ పంపావంటే ల్యాబ్ వాళ్లు తెల్ల పట్టీలైనా వదులుతారు, పక్కలైనా కోస్తారు.

గోస్తని_గట్టు:
పడవను తీసెయ్యమనడం నాకు నచ్చలేదు. అది మత్స్యకారుల ఊరండీ. ఒక్క రాయే ఉంటే టూరిజం క్యాలెండర్ బొమ్మ అవుతుంది. అలాగని సగం ముక్కుతో ఉంచమనను, చూపు అటే పోయి బయటికి జారిపోతుంది. ఉంటే పడవ మొత్తం ఉండాలి, దానికీ అంచుకూ మధ్య కాస్త ఇసుక కనబడాలి. కొంచెం కుడికి తిప్పిన ఫ్రేమ్ ఇంకోటి లేదా?

ఎండాడ_కుర్రాడు:
ఉందండీ, పడవ మొత్తం వచ్చింది. కాకపోతే అందులో తోరణం కింద సెల్ఫీ బ్యాచ్ నిలబడి ఉంది! మళ్లీ వెళ్తాను. అన్నా, ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

ఉప్పుగాలి:
గోస్తని గారి మాట కొత్త ఫోటోకి ఒప్పుకుంటా, ఈ ప్రింట్‌కి కాదు.

సముద్రం వెనక్కి తగ్గే వేళ, సూర్యోదయం కలిసే రోజు చూసుకో. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ ఆదివారం తెల్లారి ఇసుక తేలిందంటే వచ్చే ఆదివారం అదే టైముకి పోటు మీద ఉంటుంది. ఆపై వారం మళ్లీ కుదురుతుంది. ఆదివారం అన్నది లెక్క కోసమే, సెల్ఫీ బ్యాచ్ వద్దనుకుంటే మంగళవారమో బుధవారమో వెళ్లు.

చలి పోయేలోపు వెళ్తే మేలు. మన తీరం ఆగ్నేయానికి చూస్తుంది, డిసెంబరు, జనవరుల్లో సూర్యుడు కూడా అటువైపు నీళ్లలోంచే లేస్తాడు. జూన్‌లో ఈశాన్యానికి జరిగి భీమిలి వైపు నుంచి వస్తాడు, రాయి మీద పక్కవెలుగు పడుతుంది. అదీ తియ్యొచ్చు గానీ అది వేరే ఫోటో. అక్కకి మాత్రం ఇది ఇప్పుడే ప్రింట్ వేయించు, గృహప్రవేశం నీ పోటు లెక్కల కోసం ఆగదు.