బండల మీద నిలబడే కాళ్ళకు ఎలాంటి చెప్పులు కొనాలి?

అడుగుతున్నది: కడప నుంచి, చీరల షాపులో పని

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్ళు. కడపలో ఒక చీరల షాపులో పదకొండేళ్ళుగా సేల్స్‌లో ఉన్నాను. పొద్దున పదికి వెళ్తే రాత్రి తొమ్మిది దాకా నిలబడే పని. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి లోపలికి పోవాలి. లోపలంతా గ్రానైట్. నాలుగు నెలలుగా కుడికాలి మడమ నొప్పితో బాధపడుతున్నాను. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉంటుంది. గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా పోతాను. పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటుంది. మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ అంతే. రాత్రికి రెండు పాదాలూ ఉబ్బుతాయి, వేళ్ళ కింద మంట.

వై.వి. స్ట్రీట్ అంతా తిరిగి, బాగా మెత్తగా ఉన్నాయని స్పాంజి చెప్పులు కొన్నాను. వేలితో నొక్కితే దూదిలా దిగిపోయాయి. మొదటి వారం హాయిగా అనిపించింది, తర్వాత నొప్పి ఇంకా ఎక్కువైంది. నాది 6 సైజు, పెళ్ళప్పటి నుంచీ అదే. పదిహేను వందల కంటే ఎక్కువ పెట్టలేను. ఏవి కొనాలో తెలిసినవాళ్ళు చెప్పండి. చీర కింద షూస్ వేసుకుంటే అందరూ అదోలా చూస్తారేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కర్నూలు నుంచి, హాస్టల్లో వంట పని

చెల్లీ, నాకు 53. రెండేళ్ళ కిందట ఇదే నొప్పితో ఎనిమిది నెలలు పడ్డాను, అందుకే నువ్వు రాసింది చదువుతుంటే ప్రాణం ఉసూరుమంది. ఇక్కడ పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు నాకు చెప్పింది నీకు చెప్తాను. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదలు దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుందట. విల్లుకు నారి కట్టినట్టు పాదం వంపును అదే పట్టుకుని ఉంటుంది. రాత్రంతా అది ముడుచుకుని ఉండి, పొద్దున ఒంటి బరువు ఒక్కసారిగా పడేసరికి మడమ దగ్గర లాగుతుంది. దీన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. నలభై, అరవై మధ్య వయసు వాళ్ళలో ఎక్కువ. ఎక్స్‌రేలో మడమ ఎముక ముల్లులా పెరిగిందని చూపిస్తే భయపడొద్దు. నొప్పే లేనివాళ్ళకు కూడా ఆ ముల్లు ఉంటుందని డాక్టరు చెప్పారు.

ఇక చెప్పుల సంగతి. నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదని రాస్తున్నాను. నేను బయటికి వేసుకునేవి మాత్రమే మార్చాను, అదీ మూడుసార్లు. డబ్బులు పోయాయి, నొప్పి పోలేదు. ఒకరోజు కూర్చుని లెక్క వేసుకున్నాను. నా కాలికి చెప్పు ఉండేది రోజుకు ఎంతసేపు? ఇంటి నుంచి హాస్టలుకు పావుగంట, తిరిగి రావడానికి పావుగంట. మిగతా పదమూడు, పద్నాలుగు గంటలు ఒట్టి కాళ్ళతో బండల మీదే! మా వంటగదిలో బేతంచెర్ల బండలు పరిచారు. మీ ఇంట్లో కడప బండలు ఉంటాయి కదా. ఎండాకాలంలో చల్లగా ఉంటాయని మనకు ఇష్టమే, కానీ అడుగు వేసినప్పుడు ఆ బండ వెంట్రుకవాసి కూడా లొంగదు. మడమ కింద దేవుడిచ్చిన కొవ్వు మెత్త వయసుతో పల్చబడుతుంది. అప్పుడు దెబ్బంతా ఎముకకూ, ఆ పట్టీకీ తగులుతుంది.

కాబట్టి నువ్వు ముందు కొనాల్సింది ఇంట్లో వేసుకునే జత. మా అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు, ఇల్లు కడిగిన చోట చెప్పులేంది అని. కొత్త జత తెచ్చి, ఒక్కసారి కూడా వాకిలి దాటించకుండా ఇంట్లోకే పెట్టుకున్నాను. దేవుని గది గడప దగ్గర విడుస్తాను. ఇప్పుడు ఆమె కూడా మోకాళ్ళ నొప్పికి అలాంటివే తెప్పించుకుంది. మంచం పక్కనే పెట్టుకో. పొద్దున మొదటి అడుగు బండ మీద కాదు, చెప్పులోకే పడాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ తేడా తెలిసింది ఈ ఒక్క పనితోనే.

నువ్వు కొన్న స్పాంజి చెప్పులతో నొప్పి ఎందుకు పెరిగిందంటే, మెత్తగా ఉంటే చాలదు. పూర్తిగా దిగిపోయే చెప్పులో మడమ అటూ ఇటూ ఊగుతుంది, పాదం వంపుకు కింద ఆసరా దొరకదు. చెప్పును రెండు చేతులతో పట్టుకుని వంచి చూడు. వేళ్ళ మొదలు దగ్గర వంగాలి. నడిమికి మడిస్తే కాగితంలా మడతపడేది వద్దు. గుడ్డ పిండినట్టు మెలితిప్పితే సులువుగా తిరిగిపోయేదీ వద్దు. మడమ దగ్గర వేళ్ళకంటే కొంచెం ఎత్తు, అంటే ఒక అంగుళం లోపు ఉంటే మంచిదే. పూర్తిగా చదునైన హవాయి చెప్పులతో నాకు నొప్పి ఎక్కువయ్యేది. వెనక పట్టీ ఉన్నవైతే జారిపోకుండా వేళ్ళతో గట్టిగా పట్టుకుని నడిచే బాధ తప్పుతుంది.

పడక దిగకముందే కాలు మీద కాలు వేసుకుని, వేళ్ళను చేత్తో మోకాలి వైపుకు లాగి పది అంకెలు లెక్కపెట్టు, అలా పదిసార్లు. తర్వాత గోడకు చేతులు ఆనించి, వెనక కాలి మడమ ఎత్తకుండా పిక్క సాగేలా అర నిమిషం నిలబడు. సాయంత్రం నీళ్ళ సీసాను ఫ్రీజర్లో గడ్డకట్టించి అరికాలి కింద పది నిమిషాలు దొర్లించు. ఇవి చేయకుండా ఎంత మంచి చెప్పులు కొన్నా సగమే పని చేస్తాయి.

జవాబు: అనంతపురం నుంచి, చెప్పుల అంగడి

అమ్మా, సుభాష్ రోడ్డు దగ్గర ముప్ఫై ఏళ్ళుగా చెప్పుల అంగడి నడుపుతున్నాను. మీరు రాసిన దాంట్లో నాకు కనిపించిన పెద్ద తప్పు సైజు. పెళ్ళప్పటి సైజు నలభై దాటాక నమ్మకూడదు. వయసుతో పాదంలోని ఎముకలను పట్టి ఉంచే కట్లు సడలి, వంపు కొంచెం దిగి, పాదం పొడవూ వెడల్పూ పెరుగుతాయి. కాన్పుల తర్వాత కూడా కొందరికి పెరిగి అలాగే ఉండిపోతాయి. మన దగ్గర నడిచే నంబర్లు బ్రిటిష్ కొలతవి, ఒక నంబరుకూ పై నంబరుకూ 8.5 మిల్లీమీటర్ల దాకా తేడా. పైగా ఆ నంబర్ల చెప్పులు చేసే అచ్చులు తెల్లవాళ్ళ సన్నటి పాదాలకు చేసినవి. చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు 2021 చివర, 2022 మొదట్లో దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు కొలిచారు. మన పాదాలు తెల్లవాళ్ళ పాదాలకంటే వెడల్పని అందులో తేలింది. అందుకే పొడవు సరిపోయినా చిటికెన వేలు దగ్గర నొక్కేస్తుంది.

సాయంత్రం ఆరు తర్వాత కొనండి, పాదాలు ఉబ్బి ఉంటాయి కాబట్టి. అంగడికి వెళ్ళేముందు తెల్లకాగితం మీద నిలబడి, రెండు పాదాలకూ పెన్సిల్‌తో చుట్టూ గీత గీయించుకోండి. ఒకటి పెద్దగా ఉంటుంది, పెద్దదానికే కొనాలి. ఆ కాగితం మీద చెప్పు పెడితే గీత బయటికి కనిపించకూడదు. అన్నిటికంటే పొడుగు వేలికి, షూ కొసకు మధ్య చేతి బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. మెట్టెలు వేసుకునే నిలబడి చూడండి. మెట్టె ఉన్న వేలు షూలో పక్క వేలిని నొక్కుతుంది, ఇంటికి పోయాక తెలిస్తే లాభం లేదు.

ఇంట్లోకి ఎంసీఆర్ చెప్పులు అడగండి. మన దగ్గర డాక్టర్ చెప్పులు అంటేనే తెలుస్తుంది. ఎంసీఆర్ అంటే సన్నటి గాలిబుడగలతో చేసే రబ్బరు. కుష్ఠు వ్యాధితో పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళకు పుండ్లు పడకుండా దశాబ్దాలుగా దీనితోనే చెప్పులు చేస్తున్నారు. పేరు చూసి మోసపోకండి, మామూలు స్పాంజి మీద కూడా ఆర్థో అని అచ్చు వేస్తారు. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. గుంట అలాగే ఉండిపోతే తీసుకోవద్దు. మీ బడ్జెట్‌లో ఇంట్లోకి ఒక ఎంసీఆర్ జత, బయటికి వెనక పట్టీ ఉన్న వెడల్పు సాండల్ ఒకటి వస్తాయి. మన ఎండలకు మూసిన షూస్ కంటే సాండలే నయం.

ఇంకో మాట. ఏప్రిల్, మే నెలల్లో చెప్పులు బయట ఎండలో వదలొద్దు. ఈవీఏ అనే తేలికపాటి ఫోమ్ సోల్ వేడికి కుంచించుకుపోతుంది, జిగురు ఊడిపోతుంది. చెప్పు బిగుతయిందని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చానా మంది గుడి ముందో, ఆఫీసు ముందో ఎండలో వదిలినవాళ్ళే.

జవాబు: కడప నుంచి, నర్సు

మేడం, వేళ్ళ కింద మంట అని రాశారు. అది మడమ నొప్పికి సంబంధించింది కాకపోవచ్చు. షుగరు ఎప్పుడైనా చూపించుకున్నారా? పరగడుపున ఒకసారి, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒకసారి చేయించండి. పరగడుపు షుగరు 126, హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకంటే ఎక్కువ వస్తే షుగరు ఉన్నట్టు, డాక్టరు ఇంకోసారి పరీక్షతో ఖాయం చేస్తారు. ఉంటే మాత్రం చెప్పుల ఎంపికే మారిపోతుంది. వేళ్ళ మధ్య పట్టీ ఉన్నవి వద్దు. స్పర్శ తగ్గితే చెప్పు జారిపోయినా, లోపల రాయి ఉన్నా తెలియదు. వేసుకునేముందు రోజూ లోపల చేయి పెట్టి చూసుకోవాలి, మంట తగ్గుతుందని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టకూడదు. పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా, ఒక కాలే వాచి ఎర్రగా వేడిగా ఉన్నా, పొద్దున చేతివేళ్ళు కూడా గంటసేపు బిగుసుకుపోతున్నా ఆగకుండా రిమ్స్‌లో చూపించండి.

అడిగినవారు

అందరికీ చేతులెత్తి దండం. ఇంట్లోకి వేసుకోవాలని ఎప్పుడూ తట్టలేదు అక్కా. కానీ షాపులో ఏం చేయాలి? అక్కడే పదకొండు గంటలు. చెప్పులు లోపలికి రానివ్వరు.

జవాబు: కర్నూలు నుంచి

మీ యజమానిని అడుగు చెల్లీ. భయపడకుండా, గొడవగా కాకుండా అడుగు. షాపులోనే ఉండిపోయే, వీధి మట్టి తగలని జత అని చెప్పు. సోల్ తుడిచి చూపించు. ఒప్పుకోకపోతే లోపల సాక్స్ వేసుకుని, మడమ కింద సిలికాన్ మెత్తలు పెట్టుకో, మందుల షాపుల్లో దొరుకుతాయి. రెండు కాళ్ళకూ పెట్టాలి, ఒకదానికే పెడితే నడుము పట్టేయొచ్చు. కౌంటరు వెనక నువ్వు నిలబడే చోట మందపాటి రబ్బరు మ్యాట్ వేయించుకోగలిగితే ఇంకా మేలు. చిన్న పీట ఒకటి పెట్టుకుని ఒక్కో కాలు కాసేపు దాని మీద పెట్టు. గంటకు రెండు నిమిషాలు కూర్చోనివ్వమని కూడా అడుగు, అడగడానికి సిగ్గుపడొద్దు.

అడిగినవారు, ఐదు వారాల తర్వాత

పరగడుపు షుగరు 108 వచ్చింది. షుగరు అంచున ఉన్నారు, తిండి, నడక చూసుకోమన్నారు. కాగితం మీద గీయిస్తే నా కుడిపాదం 7, ఎడమది 6 కంటే కొంచెం ఎక్కువ. ఇన్నేళ్ళూ కాళ్ళను ఇరికించి నడిచాను. ఇంట్లోకి ఎంసీఆర్, బయటికి వెనక పట్టీ సాండల్, రెండూ కలిపి బడ్జెట్‌లోనే వచ్చాయి. యజమాని మొదట కుదరదన్నారు. తర్వాత నల్లరంగువి అయితే కౌంటరు వెనక వేసుకోమన్నారు, పరుపుల మీద చీరలు పరిచే చోటికి మాత్రం విడిచే రావాలి. అది కూడా మా నలుగురికీ ఒప్పుకున్నారు. ఆ నల్ల జత కొనడానికి వచ్చే నెల జీతం దాకా ఆగాలి, అప్పటిదాకా సాక్స్, మెత్తలు. నొప్పి పూర్తిగా పోలేదు. గోడ పట్టుకోకుండా బాత్రూమ్ దాకా పోతున్నాను.

మాతో పని చేసే ఇంకో అక్కకు కాలి బొటనవేలి పక్క ఎముక బయటికి పొడుచుకొచ్చింది. ఆమెకు కూడా ఇవే సరిపోతాయా?

జవాబు: అనంతపురం నుంచి

సరిపోవమ్మా, ఆమెకు వేరే చూడాలి. ముందు భాగం వెడల్పుగా, గుండ్రంగా ఉండాలి. ఆ ఎముక మీద కుట్టు గానీ, పట్టీ అంచు గానీ రాకూడదు. వెల్క్రో పట్టీ అయితే వాపును బట్టి వదులు చేసుకోవచ్చు. హీల్ ఉన్నవి మానేయమనండి, బరువంతా ముందుకు జారి అక్కడే నొక్కుతుంది. ఆమెను కూడా సాయంత్రం పూట, కాగితం మీద పాదం గీయించుకునే అంగడికి వెళ్ళమనండి.