వైజాగ్ చుట్టుపక్కల మంచినీటి చేపల పెంపకం గిట్టుబాటవుద్దా?

చోడవరం రైతు: మాకు రెండెకరాల పల్లం పొలం ఉంది, వరి మిగలట్లేదు, చెరువు తవ్వి బొచ్చె, శీలావతి వేద్దామనుకుంటున్నా. ఇంట్లోవాళ్ళేమో సముద్రం పక్కనుండగా చెరువు చేప ఎవరు కొంటారంటున్నారు.

హార్బర్ కుర్రోడు: వాళ్ళన్నదే కరెక్టన్నా. వంజరం తిన్న నోటికి చెరువు చేప మట్టివాసనే. పైగా కైకలూరు, ఆకివీడు వైపు చేపపిల్ల, తవుడు, ఐసు, లారీ అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి, సరుకు కోల్‌కతా దాకా పోద్ది, వాళ్ళ రేటుకి మనం ఎక్కడ ఇవ్వగలం?

గాజువాక లక్ష్మి: తమ్ముడూ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలు సముద్రం చేప రేటు చూశావా? అప్పుడు మేమంతా కొనేది చెరువు చేపే. మట్టివాసనంటావా, పట్టాక మేత పెట్టకుండా కొన్నాళ్ళు శుభ్రమైన నీళ్ళలో ఉంచితే చాలావరకు పోద్ది. బతికున్న చేపని కళ్ళముందు కోసిస్తే పది రూపాయలు ఎక్కువైనా ఇస్తాం. 2018లో చేప పాడవకుండా ఫార్మలిన్ అనే రసాయనం కలుపుతున్నారన్న గొడవకి అస్సాం మన చేపనే కొన్నాళ్ళు ఆపేసింది, అలాంటప్పుడు దూరం బేరం మీదే ఆధారపడితే ఎలా?

నర్సీపట్నం శ్రీను: అక్క చెప్పింది నిజం, కానీ రైతుగారూ, తవ్వకం మాత్రం తొందరపడొద్దు. ఇసుక కలిసిన గరప నేలైతే నీళ్ళు ఇంకిపోతాయి, మోటారు కరెంటు బిల్లుకే లాభం పోద్ది, ముందు మట్టి టెస్ట్ చేయించండి. నా ఉద్దేశంలో మన ప్రాంతానికి అసలు ఛాన్సు ఇప్పటికే ఉన్న చెరువుల్లోనే ఉంది, తాండవ, రైవాడ, కోనాం రిజర్వాయర్లున్నాయి, ఊరూరా పంచాయతీ చెరువులున్నాయి, వాటిలో వేలెడు పిల్లని వదిలేసి మర్చిపోతున్నారు, సగం పెద్ద చేపల పాలవుద్ది, మిగిలింది సైజుకొచ్చేలోపు నీళ్ళు అడుగంటుతాయి. అదే ఏడాదిపాటు ఇరుకు చెరువులో ఎక్కువ ఎదగనీకుండా ఆపి పెంచిన పిల్లని వానలు పడగానే వేస్తే దూకుడుగా ఎదుగుద్ది, ఎండాకాలం రాకముందే పట్టేయొచ్చు. ఆ పిల్ల ఇక్కడ దొరక్క భీమవరం వైపు నుంచి తెచ్చుకుంటున్నాం, దారిలోనే కొంత చచ్చిపోద్ది. కాబట్టి మీ రెండెకరాల్లో నీళ్ళు నిలిచేలా ఉంటే తినే చేప కాదు, పిల్లని పెంచండి, కొనడానికి చుట్టూ చెరువులోళ్ళమే ఉన్నాం.

హార్బర్ కుర్రోడు: పిల్లకైతే ఒప్పుకుంటా. కానీ మబ్బు పట్టిన రోజు తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతే మొత్తం తేలిపోద్దన్నా, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ లేకుండా దిగొద్దు.

చోడవరం రైతు: మా నేల బంకమన్నే. ఈ వారమే టెస్టుకిస్తా. శ్రీనుగారూ, ఏ సైజు పిల్లైతే మీరు తీసుకుంటారు?

నర్సీపట్నం శ్రీను: వంద గ్రాములు దాటితే చాలండి, బొచ్చె ఎక్కువ కావాలి.