పాస్‌వర్డ్ మేనేజర్ ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారిగట్టు: బ్యాంకు, జీమెయిల్, కరెంటు బిల్లు, అన్నిటికీ నాది ఒకటే పాస్‌వర్డ్, చివర అంకె మాత్రం మారుస్తాను. నాన్నగారివైతే గ్యాస్ పుస్తకం వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. ఒక షాపింగ్ సైట్ నుంచి నా పాస్‌వర్డ్ బయటికి పోయిందని తెలిసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టే బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడమంటున్నారు, కానీ అన్నీ ఒకే చోట పెడితే, అదే పోతే?

పాతకీబోర్డు: మీ భయంలో న్యాయం ఉందండీ. కానీ అందులో మీ పాస్‌వర్డ్‌లకి మీ ఫోన్‌లోనే తాళం పడి, ఆ తర్వాతే వాళ్ల సర్వర్‌కి వెళ్తాయి. ఆ యాప్ తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ వాళ్లకి తెలియదు, అందుకే మీరు మర్చిపోతే వాళ్లూ తిరిగి ఇవ్వలేరు. దానికి ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి పెట్టుకోండి, కాగితం మీద రాసి బీరువాలో పొలం కాగితాలతో పాటు దాచండి. అన్నీ ఒక్కరోజులో మార్చాలని కూర్చోకండి. ముందు జీమెయిల్, మిగతావి చాలావరకు రీసెట్ అయ్యేది దాంతోనే.

రాత్రిషిఫ్ట్: బిట్‌వార్డెన్‌కి టూ స్టెప్ లాగిన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగేది) కూడా పెట్టండి, ఆ రెండో కోడ్ రాకపోతే పనికొచ్చే రికవరీ కోడ్ కాగితం మీద రాసుకోండి. క్రోమ్‌లో సేవ్ అయినవి సీఎస్‌వీ ఫైల్‌గా (మామూలు అక్షరాల్లో ఉండే పట్టిక) తీసి బిట్‌వార్డెన్‌లోకి ఎక్కించొచ్చు, ఎక్కగానే ఆ ఫైల్ డిలీట్ చేయండి, అందులో పాస్‌వర్డ్‌లు ఎవరైనా చదివేలా ఉంటాయి.

గోదారిగట్టు: జీమెయిల్ మార్చేశాను. ఆదివారం నాన్నగారితో కూర్చుంటాను, చాలా థాంక్స్ అండీ.