డాక్టరు చీటీ లేకుండా నొప్పి మాత్ర అడిగినవారిని మందుల షాపులో ప్రశ్నించవచ్చునా?

పాలకొల్లు ఫార్మసిస్టు: సార్వా నాట్లు మొదలైన దగ్గర్నుంచి నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి అంటూ మా కౌంటరుకు వచ్చేవారు పెరిగారు. నిన్న ఒక పెద్దావిడకు మాత్ర ఇచ్చే ముందు బీపీ మందులు వాడుతున్నారా, కడుపులో మంట ఉందా అని అడిగాను. వెంట వచ్చిన కుమారుడు కోపగించుకుని ఆవిడను పక్క షాపుకు తీసుకువెళ్ళాడు. రోగికి మందు గురించి వివరించడాన్ని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు మా బాధ్యతల్లోనే చేర్చాయి. నేను అడగడం తప్పా?

లంక రైతు: తప్పేనండి. మోకాలి లోతు బురదలో రోజంతా వంగి నాట్లు వేసిన మనిషి సాయంత్రం మాత్ర కోసం వస్తే, నలుగురి ఎదుట ఆవిడ జబ్బులన్నీ బయటపెట్టిస్తారా? డాక్టరు దగ్గరకు వెళ్ళాలంటే రేవు దాటాలి, ఆ రోజు కూలి వదులుకోవాలి. మా అమ్మ ఏళ్ళ తరబడి వాడింది, ఏమీ కాలేదు.

విశ్రాంత నర్సు, భీమవరం: మీ అమ్మగారికి ఏమీ కాకపోవడం సంతోషం. మా బావగారు బీపీ మందులు వాడుతూనే మోకాళ్ళ నొప్పికి డైక్లోఫినాక్ ఏళ్ళ తరబడి మింగారు, ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళుతున్నారు. అమ్మినవారిలో ఒక్కరూ ఆయనను ఒక్క ప్రశ్న అడగలేదు. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ అనే నొప్పి మాత్రలు మూత్రపిండాలకు రక్తం అందడాన్ని తగ్గిస్తాయి కనుక, ఎండలో చెమటోడ్చి నీళ్ళు సరిగా తాగనివారికీ, బీపీకి నీరు తీసే మాత్ర వాడేవారికీ వాటితో ముప్పు ఎక్కువ. పారాసిటమాల్ అయినా పెద్దవారికి రోజుకు 4 గ్రాములు దాటకూడదు, అంటే 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరుకు మించకూడదు. తాగుడు అలవాటున్నవారికి, కాలేయ జబ్బున్నవారికి హద్దు ఇంకా తక్కువ. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. రెండూ వేసుకునేవారు తెలియకుండానే హద్దు దాటుతారు.

తణుకు సభ్యుడు: డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి ఐబూప్రొఫెన్, ఆస్ప్రిన్ ఇవ్వకూడదన్నది కూడా చేర్చండి. రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది.

లంక రైతు: రోజుకు ఆరు మాత్రలు ఎవరు మింగుతున్నారండీ? మావాళ్ళు ఒకటి, మహా అయితే రెండు వేసుకుంటారు.

విశ్రాంత నర్సు, భీమవరం: ఆరు అన్నది పారాసిటమాల్ లెక్క. మీవాళ్ళు వేసుకునే ఆ రెండు ఏ మందో చెప్పండి.

లంక రైతు: ఎలా చెప్పమంటారు? అట్టలోంచి రెండు మాత్రలు కత్తెరతో కోసి చేతిలో పెడతారు. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఏం వాడుతున్నావని మమ్మల్ని గద్దించే హక్కు, ఏం ఇస్తున్నారో చెప్పనివారికి ఎక్కడిది? చదువు లేదని మమ్మల్ని తక్కువగా చూడడమే నాకు బాధ. ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, మనిషి ఉండడు, మాత్ర ఇచ్చేది పనికుర్రాడు.

పాలకొల్లు ఫార్మసిస్టు: ఈ మాట ముందే అని ఉంటే ఇంత వాదన జరిగేది కాదు. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షను ప్రకారం డాక్టరు రాసిన మందును రిజిస్టరు అయిన ఫార్మసిస్టే ఇవ్వాలి. అట్ట మొత్తం కొనలేనివారికి కోసి ఇవ్వక తప్పదు కానీ, కవరు మీద మందు పేరు, మోతాదు, గడువు రాసి ఇవ్వవచ్చు. ప్రశ్నలు పక్కకు పిలిచి అడగవచ్చు.

విశ్రాంత నర్సు, భీమవరం: పేరు రాసినంత మాత్రాన సరిపోదు. డైక్లోఫినాక్ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మనే కూడదు. చీటీ లేనివారికి పారాసిటమాల్ ఇచ్చి, మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోమనండి.

లంక రైతు: పారాసిటమాల్‌తో ఆ నడుం నొప్పి ఆగదమ్మా. ఆగకపోతే మర్నాడు ఆవిడ చేలోకి దిగలేదు. కవరు మీద పేరు రాసి, పక్కకు పిలిచి అడిగితే బీపీ సంగతి మేమే చెబుతాం. చీటీ లేదని ఉత్త చేతులతో పంపిస్తామంటే మాత్రం ఒప్పుకోను.

విశ్రాంత నర్సు, భీమవరం: బీపీ ఉందని మీరు చెప్పిన తర్వాత కూడా ఆ మాత్రే కావాలంటే, ఇవ్వకూడదనే నేనంటాను.