వర్షారణ్యాన్ని కాగితంతో పిల్లలకు ఎలా నేర్పాలి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, మల్కాజ్‌గిరి):
నాల్గవ తరగతి పిల్లలకు వర్షారణ్యంలోని మొక్కలను, జంతువులను కాగితపు బొమ్మల ద్వారా పరిచయం చేయాలనుకుంటున్నాను. అంతర్జాలంలో కనిపించిన నమూనాలు టూకాన్ పక్షిని, ఒరాంగుటాన్‌ను ఒకే కొమ్మ మీద కూర్చోబెడుతున్నాయి. కత్తిరించడం, అతికించడం తప్ప వాటితో అడవి గురించి ఏమి తెలుస్తుందో అర్థం కావడం లేదు. రెండు పీరియడ్లలో, తక్కువ ఖర్చుతో చేయించదగినవి సూచించగలరా?

సమాధానం 1 (విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, నల్లకుంట):
అమ్మా, మీ అనుమానం సరైనదే. టూకాన్ అమెరికా ఖండాల ఉష్ణమండలానికి చెందిన పక్షి. ఒరాంగుటాన్ సహజంగా బోర్నియో, సుమత్రా దీవులలోనే ఉంటుంది. కనుక ముందు ఏదో ఒక అడవిని ఎంచుకోండి.

జంతువులకంటే ముందు వెలుతురుతో మొదలుపెట్టమని నా సలహా. ఆకుపచ్చ పతంగుల కాగితాన్ని ఆకులుగా కత్తిరించి, కిటికీ అద్దానికి ఒకదానిపై ఒకటిగా అతికించమనండి. పొరలు పెరిగేకొద్దీ వెలుతురు ఎలా తగ్గుతుందో చూశాక, దట్టమైన వర్షారణ్యంలో పైన పడే ఎండలో సుమారు 2 శాతమే నేలను చేరుతుందని చెబితే, తీగలు చెట్లను పట్టుకుని పైకి ఎందుకు పాకుతాయో పిల్లలే ఊహించగలుగుతారు.

రెండవది ఆకు కొన. అక్కడి చాలా చెట్ల ఆకులకు, మన రావి ఆకుకు ఉన్నట్లే, నీరు జారిపోవడానికి వీలుగా పొడవాటి కొన ఉంటుంది. అట్టతో గుండ్రటి ఆకునొకటి, కొన ఉన్న ఆకునొకటి కత్తిరించి, మైనపు రంగు దట్టంగా రుద్ది, నీళ్లు చిలకరించి, ఏటవాలుగా పట్టుకుని పోల్చి చూడమనండి.

సమాధానం 2 (ఇద్దరు పిల్లల తల్లి, కూకట్‌పల్లి):
అడవి కోసం అమెజాన్ దాకా వెళ్లనవసరం లేదండి. పడమటి కనుమలలోనూ వర్షారణ్యాలున్నాయి. కేరళలోని సైలెంట్ వ్యాలీని జాతీయ ఉద్యానవనంగా 1984లో ప్రకటించారు. సింహపు తోక కోతి సహజంగా ఆ కనుమలలోనే, ఎక్కువగా చెట్ల మీదనే బతుకుతుంది. నల్లకాగితపు ముఖం చుట్టూ పాత వార్తాపత్రికను సన్నని పోగులుగా కత్తిరించి అతికిస్తే దాని బూడిదరంగు జూలు సిద్ధమవుతుంది. ఎండాకాలంలో చాలా చెట్లు ఆకు రాల్చే మన తెలంగాణ అడవిని పక్క చార్టు మీద చేయిస్తే తేడా వెంటనే కనిపిస్తుంది.

సమాధానం 3 (చిత్రలేఖన శిక్షకుడు, మెహిదీపట్నం):
ఒక్క బొమ్మనైనా అసలు పరిమాణంలో చేయించండి. సుమత్రా, బోర్నియో అడవులలోని రఫ్లీసియా ఆర్నాల్డై పువ్వు మీటరు వరకు వెడల్పు ఉంటుంది కాబట్టి వార్తాపత్రిక కాగితాలు కొన్ని కలిపి అతికించవలసి వస్తుంది. దానికి ఆకులూ ఉండవు, కాండమూ ఉండదు. ఒక తీగను ఆశ్రయించి దాని నుంచే ఆహారం తీసుకుంటుంది. పిల్లలు అలవాటుగా ఆకులు అతికిస్తే అతికించనివ్వండి. ఆకులు లేని మొక్కకు తిండి ఎక్కడిదని అడిగి, ఆ తర్వాత వాళ్లచేతనే తీయించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. పడమటి కనుమలనే తీసుకుంటాను. రఫ్లీసియాను వేరే గోడకు పెడతాను. సంక్రాంతి కాని రోజుల్లో పతంగుల కాగితం దొరుకుతుందా?

సమాధానం 1:
ధూల్‌పేటలో అడిగి చూడండి. దొరకకపోతే స్టేషనరీ దుకాణంలోని పలుచని టిష్యూ పేపరు సరిపోతుంది. మందమైన క్రేప్ పేపరు మాత్రం వద్దు, మొదటి పొరకే వెలుతురు ఆగిపోతుంది.