డిష్ కేబుల్‌కు ఎఫ్ కనెక్టర్ ఇంట్లోనే బిగించుకోవడం ఎలా?

ప్రశ్న (కాకినాడ నుంచి):
మా డాబా మీది డిష్ నుంచి కింది అంతస్తులోని సెట్ టాప్ బాక్స్ దాకా సుమారు 25 మీటర్ల ఆర్‌జీ-6 (డిష్‌లకు వాడే రకం) కేబుల్ ఉంది. వాన పడి వెలిసిన తరువాత కూడా కొన్ని ఛానళ్లు గంటల తరబడి రావడం లేదు, మిగతావి మాత్రం చక్కగా వస్తున్నాయి. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ను అందుకునే పరికరం) దగ్గర చేత్తో తిప్పి ఎక్కించిన ఎఫ్ కనెక్టర్‌ను (కేబుల్ కొనకు బిగించే లోహపు ముక్కను) ఊడదీసి చూస్తే జాలీ (తొడుగు కింద ఉండే లోహపు పోగుల అల్లిక) నల్లబడి, నడిమి తీగకు చిలుము పట్టి ఉంది. రెండు కొనలకూ కొత్త కనెక్టర్లు నేనే బిగించుకోవాలనుకుంటున్నాను. తిప్పి ఎక్కించేది, క్రింప్ చేసేది (పక్కల నుంచి నొక్కేది), కంప్రెషన్‌ది (టూల్‌తో పొడవునా నొక్కేది) అని బజారులో మూడు రకాలు చూపిస్తున్నారు. వీటిలో ఏది మేలో, తొడుగు ఎంత మేర ఒలవాలో, సముద్రపు గాలికి మళ్లీ చెడిపోకుండా ఏం చేయాలో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
కంప్రెషన్ రకమే తీసుకోండి. తిప్పి ఎక్కించేది జాలీని అక్కడక్కడ మాత్రమే పట్టుకుంటుంది, పైగా దాని వెనుక భాగం నుంచి నీరు లోపలికి దిగుతుంది. కంప్రెషన్ కనెక్టర్ తొడుగును చుట్టూ సమానంగా నొక్కి పట్టుకోవడం వల్ల అటు జాలీతో గట్టి కనెక్షన్, ఇటు తేమకు అడ్డు రెండూ ఏర్పడతాయి.

ఎఫ్ కనెక్టర్‌లో వేరే పిన్ను ఉండదు; కేబుల్ నడిమి తీగే పిన్నుగా పనిచేస్తుంది. కాబట్టి ఒలిచేటప్పుడు అసలు జాగ్రత్తంతా ఆ తీగ మీదే ఉండాలి. ముందు పై తొడుగును సుమారు 13 మిల్లీమీటర్లు ఒలిచి, జాలీ పోగులన్నిటినీ వెనక్కి మడిచి తొడుగు మీద పరవండి. తెల్లని నురుగు ప్లాస్టిక్‌కు అంటుకున్న అల్యూమినియం రేకును కదపకుండా, చివరి 6 మిల్లీమీటర్ల మేర రేకునూ ప్లాస్టిక్‌నూ కలిపి తీసేయండి. బ్లేడు గాటు తీగకు తగిలితే పైనున్న రాగి పూత లేస్తుంది, తీగ అక్కడే విరుగుతుంది. తీగ మీద కంటికి సరిగా ఆనని పలుచని ప్లాస్టిక్ పొర మిగిలిపోతుంటుంది. దాన్ని గోటితో గీకి తీయాలి, బ్లేడుతో కాదు.

కనెక్టర్‌ను లోపలికి నెట్టినప్పుడు తెల్లని ప్లాస్టిక్ దాని లోపలి అడుగుతో సమంగా కనబడాలి, తీగ అంచు దాటి 3 మిల్లీమీటర్లు బయటకు రావాలి. జాలీ పోగు ఒక్కటి తీగను తాకినా ఎల్‌ఎన్‌బీకి వెళ్లే విద్యుత్తు షార్ట్ అవుతుంది కనుక, నొక్కే ముందు వెలుతురులో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. రెండు కనెక్టర్ల కోసం కంప్రెషన్ టూల్ కొనడం అవసరమా? మామూలు పట్టకారుతో క్రింప్ చేయకూడదా?

జవాబు 2:
చేయకూడదండీ. పట్టకారుతో నొక్కితే గుండ్రని కేబుల్ చదునవుతుంది. నడిమి తీగ మందానికీ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మందానికీ ఉన్న నిష్పత్తి వల్లనే ఈ కేబుల్‌కు 75 ఓమ్‌ల ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు కేబుల్ చూపే అవరోధం) వస్తుంది. అది చెడిన చోట సిగ్నల్ కొంత వెనక్కి తిరిగిపోతుంది. మీ కేబుల్‌లో నడిచేది 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ దాకా ఉండే సిగ్నల్, అందులో పై భాగానికి నష్టం మరీ ఎక్కువ. టూల్ కొనలేకపోతే మీ వీధిలో కేబుల్ పనిచేసే వారిని ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. కొనే కనెక్టర్ మీద ఆర్‌జీ-6 అని ఉందో లేదో చూసుకోండి. సీసీ కెమెరాలకు వాడే ఆర్‌జీ-59 సన్నది, దాని కనెక్టర్ దీనికి సరిపోదు.

జవాబు 3:
కొన్ని ఛానళ్లే పోవడానికి కారణం చిలుమే కావచ్చు. బాక్స్ ఇదే కేబుల్ మీదుగా ఎల్‌ఎన్‌బీకి ఒక పోలరైజేషన్ (సిగ్నల్ తరంగాలు ఊగే దిశ) కోసం 13 వోల్టులు, రెండో దాని కోసం 18 వోల్టులు పంపుతుంది. చెడిన జాయింట్ దగ్గర వోల్టేజి పడిపోతే ఎల్‌ఎన్‌బీ 18కి బదులు 13 వచ్చిందనుకుని, ఆ రెండో పోలరైజేషన్ ఛానళ్లను ఇవ్వదు. మల్టీమీటర్ ఉంటే బాక్స్ ప్లగ్గు తీసేసి, కేబుల్‌ను రెండు వైపులా విడదీసి చూడండి. తీగకూ జాలీకీ మధ్య ఏ కనెక్షనూ చూపకూడదు. అవతలి కొనలో ఆ రెంటినీ కలిపితే, 25 మీటర్ల పూర్తి రాగి కేబుల్‌కు సుమారు ఒక ఓమ్, రాగి పూత వేసిన ఉక్కు తీగ అయితే మూడు ఓమ్‌ల దాకా రావాలి. అంతకు బాగా మించితే లోపం ఇంకా ఉన్నట్లే.

నల్లబడిన జాలీ మీద కొత్త కనెక్టర్ ఎక్కించి ప్రయోజనం లేదు. మెరిసే లోహం కనబడే వరకు కేబుల్‌ను కొద్దికొద్దిగా కోస్తూ వెళ్లండి. మీటరు కోసినా నలుపే వస్తుంటే కేబుల్ మార్చడమే మంచిది. ఎల్‌ఎన్‌బీకి బిగించాక దానంతట అదే అతుక్కునే రబ్బరు టేపును సాగదీస్తూ కింది నుంచి పైకి చుట్టండి, అప్పుడు పెంకుటింటి పెంకుల మాదిరిగా ఒక చుట్టు అంచు మీద మరొకటి పడి నీరు జారిపోతుంది. మామూలు నల్ల టేపు జిగురు ఎండకు కరిగిపోతుంది. కేబుల్ గోడలోకి వెళ్లే ముందు కిందికి కొంచెం వేలాడేలా వంపు వదిలితే, దాని వెంట వచ్చే వాన నీరు లోపలికి రాకుండా అక్కడే కారిపోతుంది.